పాట అయిపోయాక పడే దెబ్బ

కొత్తకోటలో వెంకన్న బ్యాండు తెలియని ఇల్లు లేదు. ఆ బ్యాండులో పెద్ద డోలు కొట్టే లింగస్వామి చేసే తప్పు తెలియని ఇల్లు అసలే లేదు. పాట అయిపోతుంది. వెంకన్న క్లారినెట్ దించుతాడు, బాకాలవాళ్లు మూతులు తుడుచుకుంటారు, పెండ్లి బారాతులో ఎగిరి ఎగిరి అలసిన పిల్లకాయలు నీళ్ల ప్యాకెట్లు కొరుక్కుంటుంటారు. అంతా సద్దుమణిగాక, అందరికంటే వెనక నుంచి, ఒక్కటంటే ఒక్క దెబ్బ పడేది. ఢమ్!

"లింగస్వామికి పాట అయిపోయిన సంగతి రేపు పొద్దుగాల తెలుస్తది" అని చాయ్ హోటల్ దగ్గర వెక్కిరించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. మొదట్లో వెంకన్న తిట్టాడు, బతిమాలాడు, ఒకసారి డోలు కట్టె గుంజుకున్నాడు కూడా. ఏం లాభం? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని చివరికి వదిలేశాడు. ఏళ్లు గడిచేసరికి బ్యాండంతా ఆ తప్పుకు అలవాటు పడిపోయింది. పాట ముగిశాక ఆ దెబ్బ పడేదాకా ఎవరూ రెండో పాట ఎత్తుకునేవారు కాదు. కొత్తగా చేరినవాళ్లు కూడా సరిగమలతో పాటు దాన్నీ నేర్చుకున్నారు. పాట, ఆ తర్వాత లింగస్వామి దెబ్బ, ఆ తర్వాత ఊపిరి.

అది తప్పు కాదని ఊళ్లో ఒక్క మనిషికే తెలుసు. ఆమె లింగస్వామి పెండ్లాం జంగమ్మ.

జంగమ్మ హైవే పక్కనే ఉన్న తన ఇంటి ముందు రేకుల పందిరి కింద జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. లారీ డ్రైవర్లకు ఆమె రొట్టె ఎంత ఇష్టమో ఆమె నోరంటే అంత భయం. చిల్లర లేదంటే తిడుతుంది, రొట్టె చల్లారిందంటే ఇంకా తిడుతుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నాకు ఊరు మంచిగనే ఉన్నది, నోటితోని ఏం పని?" అనేది. అలాంటి మనిషి పెండ్లయిన కొత్తలో అత్తగారింట్లో నోరు కట్టుకుని ఎంతకాలం ఉంటుంది? మొదటి సీజనులోనే గొడవ పడింది. లింగస్వామి బారాతుకు పోతే ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. తొందరగా వండితే అన్నం చల్లారేది. ఆలస్యంగా వండితే ఆయన ఖాళీ కంచం ముందు కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే ఆమెకు మండేది.

"నువ్వెప్పుడొస్తవో నాకేమన్న కల వడ్తదా?" అని గిన్నె ఎత్తి కుదేసింది ఒకనాడు.

లింగస్వామి చాలాసేపు తల గోక్కున్నాడు. "ఆఖరు పాట అయినంక ఒక దెబ్బ ఎక్కువ కొడుత. అది నీకు. అది ఇనంగనే ఎసరు పెట్టు. కోటు ఇప్పి, చాయ్ తాగి, నడుసుకుంట వచ్చేసరికి అన్నం ఉడుకుతది."

"ఆఖరు పాటేదో నాకెట్ల ఎరుక?"

"ప్రతి పాటకు కొడుత. దెబ్బ పడ్డంక ఇంకో పాట రాకుంటే నేనొస్తున్నట్టు."

"ఊరోళ్లు తప్పంటరు."

"అననీ. ఊరోళ్లు నాకు అన్నం పెడ్తరా?"

అంతే. పాతికేళ్లు అలా సాగింది. హైవే మీద ఎన్ని లారీలు ఊళపెట్టుకుంటూ పోయినా జంగమ్మకు ఆ దెబ్బ వినిపించేది. ఇంకో పాట వస్తుందేమోనని కాసేపు చెవి ఒగ్గేది. రాకపోతే బియ్యం కడిగేది. అన్నం వార్చే వేళకు వాకిట్లో లింగస్వామి దగ్గు వినబడేది. వచ్చి కూర్చుంటే ఇద్దరి అన్నం ఒక్కడే తినేవాడు. "ఏందయ్యా అది, కడుపా డోలా?" అని ఆమె నెత్తి కొట్టుకుంటూ ఇంకింత పెట్టేది. "డోలు మోసినోనికి తెలుస్తది ఆకలంటే ఏందో" అనేవాడు నోటినిండా అన్నంతో. బయటి ఊళ్లకు మేళం పోయినప్పుడు మాత్రం ఫోన్ చేసేవాడు. వినబడని దూరం కదా.

ఈ ముచ్చట వాళ్లు ఎవరికీ చెప్పలేదు, కూతురు స్వర్ణకు కూడా. చెబితే నవ్వుతారని కాదు. అది వాళ్లిద్దరి సొంతం, ఎందుకు చెప్పాలి?

కిందటి వైశాఖంలో హైవే అవతల ఫంక్షన్ హాల్లో పెండ్లి. పొద్దు గుంకే వేళకు బారాతు అయిపోయింది. జంగమ్మ ఇంట్లో ఉల్లిగడ్డ కోస్తూ దెబ్బ విన్నది. స్పష్టంగా, ఎప్పటిలా. ఇంకో పాట రాలేదు. బియ్యం కడిగింది, ఎసరు పెట్టింది, అన్నం వార్చింది, మూత పెట్టింది. దగ్గు వినబడలేదు. మూత తీసి చూసి మళ్లీ పెట్టింది. "చాయ్ కాడ ముచ్చట్లు వడ్డడు ముసలోడు" అని గొణుక్కుంది. వాకిట్లో ఆటో ఆగిన చప్పుడు వినబడింది. బాకా వాయించే కమలాకర్ ఆటో అది. వెనక సీటులో లింగస్వామిని పడుకోబెట్టి తెచ్చారు. ఎర్ర కోటు గుండీలు విప్పి ఉన్నాయి. డోలు ఆయన కాళ్ల దగ్గర ఉంది. గుండె ఆగిందని, దవాఖానకు పోయేసరికే అయిపోయిందని కమలాకర్ ఏడుస్తూ చెప్పాడు.

జంగమ్మ ఏడవలేదు. శవం పక్కన కూర్చుని తిట్టింది. "వస్తున్ననని చెప్పి రాకపోతివి గదనయ్యా. పాతికేండ్లల ఒక్కనాడన్న అబద్ధమాడినవా? ఇయాల్నే ఆడాల్నా?" అని ఊగిపోతూ అడిగింది. వచ్చినవాళ్లకు అర్థం కాలేదు. దుఃఖం తలకెక్కిందనుకున్నారు. దినాలైపోయినా ఆమె కంట నీళ్లు రాలేదు. కోపం మాత్రం ఉంది. ఆ కోపం గుండెలో రాయిలాగా కూర్చుంది. కట్టుకున్నవాడు చచ్చిపోయాడన్న దానికంటే చెప్పి రాలేదన్నదే ఆమెకు ఎక్కువ.

డోలు ఇంట్లో మూలకు పడి ఉండటం మంచిది కాదని వెంకన్న అడిగితే, ఇచ్చేసింది. సునీల్ మెడకు తగిలించారు. సునీల్ పెట్రోల్ బంకులో పనిచేస్తాడు, పెండ్లాం పిల్లలున్నవాడు, నెమ్మదస్తుడు. సాధన చేస్తుంటే వాడి చెయ్యి పర్వాలేదనిపించింది.

లింగస్వామి పోయాక మొదటి పెండ్లి పాత బస్టాండు దిక్కు అయింది. జంగమ్మ ఇంట్లో చీకట్లో కూర్చుని ఉంది, దీపం పెట్టుకోవాలన్న ధ్యాస కూడా లేదు. పాట ఆగింది. ఢమ్! దెబ్బ పడింది. ఆమె లేచింది. బియ్యం కడుగుతున్న చేతుల్ని చూసుకుని, ఎవరికోసం వండుతున్నానని ఆగింది. కడిగిన బియ్యం పారబోయలేక ఎసట్లో పోసింది. ఇద్దరి అన్నం. తను రెండు ముద్దలు తిన్నది, మిగిలింది పొద్దున వాకిట్లో కుక్కకు పెట్టింది.

సునీల్ బ్యాండు అలవాటు ప్రకారం ఆ దెబ్బ కొడుతున్నాడనుకుంది. మంచిగానే ఉంది అనుకుంది మొదట. మేళం వినబడ్డ ప్రతిసారీ దెబ్బ పడేది, ప్రతిసారీ ఆమె లేచి వండేది. అన్నం వార్చాక మాత్రం గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చునేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ లేకపోవడాన్ని చూడటం కంటే చూడకుండా ఉండటమే నయం అనిపించేది. వీపు వెనక ఎవరో కోటు విప్పుతున్నట్టు, గుడ్డ రాపిడి వినబడినట్టు ఉండేది. ఆ వినబడినట్టున్నంతసేపు ఆమె కదలకుండా కూర్చునేది.

ఒకనాడు సాయంత్రం పాట చెవిన పడకపోయినా దెబ్బ విని, గాలి అటు తిరిగిందేమో అనుకుని ఎసరు పెట్టింది. నీళ్లు మసలుతుండగా షాద్‌నగర్ నుంచి స్వర్ణ ఫోన్ చేసింది.

"అమ్మా, మా కాలనీల పెండ్లికి మన వెంకన్న బాబాయి బ్యాండే వచ్చింది. గిప్పుడే అయిపోయింది. సునీల్ అన్న మస్తు కొట్టిండు."

జంగమ్మ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

"ఎప్పుడయిపోయింది?" అని మెల్లగా అడిగింది.

"గిప్పుడే, గిప్పుడే. అగో, కోట్లు ఇప్పుతున్నరు. అమ్మా, ఏమైంది? ఇంటున్నవా?"

కొత్తకోటకూ షాద్‌నగర్‌కూ మధ్య ఎన్ని ఊళ్లు, ఎన్ని గుట్టలు! అక్కడి దెబ్బ ఇక్కడికి ఎట్లా వినబడుతుంది? జంగమ్మ ఫోన్ పెట్టేసి పొయ్యి మీద మసలుతున్న నీళ్లకేసి చూసింది. బియ్యం పొయ్యలేదు, మంట ఆర్పలేదు. నీళ్లన్నీ ఇగిరిపోయి గిన్నె మాడేదాకా అలాగే నిలబడింది.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాల్లేవు, మేళాల్లేవు. ఊరు చప్పబడింది. జంగమ్మ మనసు రెండుగా చీలింది. సీజను రావద్దని ఒక మనసు, తొందరగా రావాలని ఒక మనసు. దెబ్బ వింటే భయం. వినకపోతే ఆయన నిజంగానే లేనట్టు.

శ్రావణం దగ్గరపడుతుంటే బ్యాండువాళ్లు వాద్యాలు దించారు. మొదటి నుంచీ వాళ్ల సాధన జంగమ్మ వాకిట్లోనే. చింతపండు రుద్ది ఇత్తడి తోముతారు, కోట్లు ఎండకేస్తారు, పాత పాటలు సరిచేసుకుని కొత్తవి పట్టుకుంటారు. సీజనులో మొదటి మేళం శ్రావణంలో పోచమ్మ బోనాలకు. దానికి పైసా తీసుకోరు. కానీ పెండ్లి పెట్టుకున్నవాళ్లంతా ఆనాడే వచ్చి వింటారు, మేళం బాగుంటే అక్కడే మాట్లాడుకుంటారు. లేకపోతే డీజే బండ్లు కాచుకుని కూర్చున్నాయి. బోనాలనాడు తప్పితే ఆ ఏడాది బ్యాండు తప్పినట్టే.

అందరూ రాకముందే సునీల్ ఒక్కడూ వచ్చాడు. డోలు మెడలోంచి తీసి అరుగు మీద పెట్టి దూరంగా జరిగాడు.

"పెద్దమ్మా, నేను దీన్ని కొట్ట."

"ఏమైందిరా కొడుకా?"

"తాళాలియ్యుమను, గిలక్కాయలియ్యుమను, ఏదన్న కొడుత. ఇదొద్దు." వాడు చెమటలు తుడుచుకున్నాడు. "పాట అయిపోయినంక నేను కట్టె ఆపుత పెద్దమ్మా. నా చెయ్యి కింద ఉంటది. ఐనగాని ఇది నా రొమ్ము మీద ఒక్కసారి అదురుతది. లోపట్నించి ఎవరో కొట్టినట్టు. పక్కనోళ్లకు ఇనవడదు. నాకు తెలుస్తది. నా పిల్లలున్నరు, నాకు భయమైతాంది."

"అంటే... ఆఖరు దెబ్బ నువ్వు కొడ్తలేవా?"

"నేనెందుకు కొడుత? వెంకన్న మాస్టర్ మొదటిదినమే చెప్పిండు, గా తప్పు మనకొద్దు, ఆపమని. ఒక్కసారి గూడ కొట్టలే."

జంగమ్మ డోలు పక్కనే అరుగు మీద కూర్చుంది.

కాసేపటికి వెంకన్న వచ్చాడు. సైకిల్ షాపు మూసి, చేతులకు గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చాడు. సునీల్ సంగతి ఆయనకు ముందే తెలుసు. ఆయన మనసులో ఒక నిర్ణయం చేసుకునే వచ్చాడని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"వదినె, హైదరాబాద్‌ల కొత్త డోలుకు చెప్పిన" అన్నాడు చూపు తప్పిస్తూ. "ఇగ దీనికి తోలు కోసి వాగుల ఇడుద్దాం. లింగన్నకు గూడ అదే మంచిది. పోవాల్సినోళ్లు పోవాలె గదా. మనం పట్టుకుంటే ఆయనకు ఇడుపు లేకుంటైతది."

"తోలు కోస్తవా?" జంగమ్మ లేచి నిలబడింది. "చెయ్యి పెట్టు, నీ చెయ్యి కోస్త."

"నా మాటిను వదినె. ఆయన ఉన్నన్ని దినాలు గా తప్పు దెబ్బను భరించినం. పోయినంక గూడ భరించాల్నా?"

"తప్పు! తప్పు! పాతికేండ్ల సంది తప్పంటున్నరు, మీ నోళ్లు వడిపోను!" ఆమె అరిచింది. "గది నాకురా. వస్తున్న, ఎసరు పెట్టమని నాకు చెప్పేటోడు. ఊరంత నవ్వినా, నువ్వు కట్టె గుంజుకున్నా, నా అన్నం కోసం కొట్టిండు. ఆఖరికి ఆనాడు గూడ కొట్టిండు. నేను విని బియ్యం కడిగిన. అన్నమైంది, ఆయన రాలే. చెప్పి రాలే. గందుకే నాకు ఏడుపు గూడ వస్తలేదు, తెలుసునా?"

సునీల్ నేల చూస్తున్నాడు. వెంకన్న మొహంలో రంగు దిగిపోయింది.

"ఆనాడు విన్నవా?" అని అడిగాడు.

"విన్న. నా చెవులతోని విన్న."

"వదినె..." వెంకన్న గ్రీజు చేతులు ఒకదాంతో ఒకటి పిసుక్కున్నాడు. "ఆనాడు ఆ దెబ్బ వడలే."

"ఏమంటున్నవ్?"

"ఆఖరు పాట నడుమనే ఆయన చేతిల నుంచి కట్టె జారింది. డోలు ఆగింది. మేం ముంగట ఉన్నోళ్లం, కట్టె జారిందేమో, ఎత్తుకుంటడేమోనని పాట నడిపిచ్చినం. డోలు లేకుంటనే పాట పూర్తి జేసినం. అయినంక అలవాటుగ ఆగినం, దెబ్బ కోసం. వడలే. తిరిగి చూసేసరికి డోలు మీద ఒరిగి ఉన్నడు. నేనే పోయి మెడలకెల్లి తీసిన. మేమందరం ఎదురుచూసినం వదినె. ఒక్కనికి గూడ ఇనరాలే."

జంగమ్మ డోలు మీద అరచెయ్యి పెట్టింది. ఎండలో ఉండి తోలు వెచ్చగా ఉంది.

చెయ్యెత్తే శక్తి పోయాక, కట్టె చేతిలోంచి జారిపోయాక, ఆయన కొట్టాడు. ఊళ్లో ఎవరికీ వినబడకుండా ఆమె ఒక్కదానికే వినబడేట్టు కొట్టాడు. ఇన్నాళ్లూ అబద్ధమాడాడని తిట్టింది. ఆయన అబద్ధమాడలేదు. వస్తానన్నాడు, వస్తూనే ఉన్నాడు. దెబ్బ పడిన ప్రతిసారీ వస్తూనే ఉన్నాడు. తానే గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది.

"కొత్త డోలు వద్దు" అంది చివరికి. "ఇది నేను కొడుత."

వెంకన్న ఉలిక్కిపడ్డాడు. "నువ్వా?"

"ఏం, పాతికేండ్లు మీ సాధన ఎవరి వాకిట్ల అయింది? మీరు కొడుతాంటే నా రొట్టెలు ఏ తాళం మీద వడ్డయో ఎన్నడన్న ఇన్నవా? ఆయన మాట నాకైతే నా చేతికే రానీ. గా పిలగాన్ని భయపెట్టుడెందుకు?"

అది నిజమే. జంగమ్మ రొట్టె తట్టే చప్పుడు డోలు దెబ్బతో కలిసే పడేదని వెంకన్నకు అప్పుడు గుర్తొచ్చింది. అయినా తల అడ్డంగా ఊపాడు. "గది కాదు వదినె. ఊరోళ్లు... బొట్టు లేని ఆడామె బోనాల ముంగట..."

"పోచమ్మకు మొగడున్నడా?" అంది జంగమ్మ.

వెంకన్న చేతుల గ్రీజు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. సునీల్ మాత్రం ఫక్కున నవ్వాడు, చాలా రోజుల తర్వాత.

సాధన మొదలైంది. మొదటిరోజు డోలు బరువుకు జంగమ్మ నడుం విరిగినంత పనైంది. మెడ మీద పట్టీ కోసుకుపోయింది. కానీ దెబ్బ తప్పలేదు. రొట్టెలు తట్టీ తట్టీ బిరుసెక్కిన చేతులవి. పాట ముగియగానే కట్టె దించి, తోలు మీద చెవి పెట్టినంత శ్రద్ధగా ఆగేది. సాధనలో ఒక్కసారి కూడా డోలు అదరలేదు. సాధన ఇంటి వాకిట్లోనే కదా, చెప్పి రావాల్సిన దూరం ఏముంది అనుకుని సమాధానపడేది. లోపల మాత్రం బెదురు ఉంది. కోపం పోయింది గానీ, ఆయన మరి రాకుండా పోతాడేమోనన్న బెదురు.

బోనాలనాడు లింగస్వామి ఎర్ర కోటు చీర మీద వేసుకుంది. చేతులు పొడుగైతే మడతపెట్టుకుంది. కోటు ఉతకలేదు. అందులో ఇంకా ఆయన చెమట వాసన ఉంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని, డోలు మెడకు తగిలించుకుని వెనక వరసలో, ఆయన జాగాలో నిలబడింది. బోనాలెత్తిన ఆడవాళ్లు వెనక నుంచి మాటిమాటికీ చూశారు. ఎవరో గొణిగారు. ఇంకెవరో మూతి తిప్పారు. జంగమ్మ వాళ్లకేసి చూసి కట్టె ఎత్తింది. ఆమె నోరు తెలిసినవాళ్లు కాబట్టి గొణుగుడు అక్కడికి ఆగింది.

మేళం కదిలింది. వేపమండలు, పసుపు నీళ్లు, ఊదు పొగ, పోతురాజు కొరడా చప్పుడు. జంగమ్మకు ముందున్నవాళ్ల వీపులు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన ఇంతకాలం చూసింది ఈ వీపులనేనా అనుకుంది. దెబ్బ వెయ్యాల్సిన చోట చెయ్యి దానంతటదే పోతోంది. గుడి ముందుకొచ్చేసరికి పొద్దు వాలింది. చుట్టూ జనం చిక్కగా మూగారు. పెండ్లి పెట్టుకున్న ఇండ్లవాళ్లు అరుగుల మీద నిలబడి వింటున్నారు.

ఆఖరి పాట అయిపోయింది. క్లారినెట్ ఆగింది, బాకాలు దిగాయి. అలవాటు ప్రకారం బ్యాండు మొత్తం ఆగింది. తాళాలు పట్టుకున్న సునీల్ డోలు వైపే చూస్తున్నాడు. వెంకన్న తిరగలేదు, కానీ ఆయన మెడ బిగుసుకుని ఉంది. జనంలో ముసలివాళ్లు కూడా ఆగారు.

జంగమ్మ కట్టె కిందికి దించి ఎదురుచూసింది. ఇప్పుడు అదురుతుంది. ఇప్పుడు తెలుస్తుంది. డోలు ఆమె రొమ్ముకు ఆనుకుని ఉంది. అందులో ఏమీ కదల్లేదు. తన గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆయన కొట్టలేదు.

వెళ్లిపోయాడా అనుకుంది. ఆ మరుక్షణమే అర్థమైంది. ఇంటికి తాళం ఉంది. పొయ్యి ముందు ఎవరూ లేరు. ఎసరు పెట్టేవాళ్లు లేనప్పుడు ఎవరికి చెబుతాడు? వస్తున్నానని చెప్పాల్సింది బయటున్న మనిషి. ఇవాళ బయటున్నది తను.

జంగమ్మ కట్టె ఎత్తింది. రొట్టె తట్టే చెయ్యి అది, మొహమాటం తెలియదు. ఒక్కటి వేసింది.

ఢమ్!

"ఓ లింగస్వామీ!" అని జనంలో ఒక ముసలాయన గొంతెత్తి అరిచాడు. కొందరు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. వెంకన్న క్లారినెట్ ఎత్తబోయి ఎత్తలేక, కోటు చేతిలో మొహం దాచుకున్నాడు.

మేళం విడిపోయాక చాయ్ తాగి పొమ్మని కమలాకర్ పిలిచాడు. ఆటోలో దింపుతానన్నాడు. జంగమ్మ వద్దంది. డోలు భుజాన వేసుకుని నడిచింది. ఎందుకో అడుగులు తొందరపడ్డాయి. ఎవరో అన్నం మూత తీసి చూసి, మళ్లీ పెట్టి, చెవులు వాకిట్లో పెట్టుకుని కూర్చున్నట్టు అనిపించింది. వాకిట్లోకి వచ్చాక ఆగింది. తనకు తెలియకుండానే దగ్గింది.

లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. తాళం తీసింది. ఈసారి గుమ్మంలో నిలబడి నేరుగా లోపలికి చూసింది. చీకటి. చాప, కుండలు, గోడకు మేకు. దీపం వేసి పొయ్యి దగ్గరకు పోయి చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. పొద్దున్న తాను ఎత్తిన బూడిద ఎత్తినట్టే ఉంది.

"వస్తున్ననని చెప్తిని గదయ్యా" అంది ఖాళీ ఇంటితో. "ఇనలేదా? ఎసరు పెట్టకపోతివి." బూడిదను వేలితో గీరింది. "ఎన్నడన్న పొయ్యి ముట్టిచ్చినవా, ఇయాల ముట్టిస్తవు! తినుడొక్కటే తెల్సు నీకు. తినుడొక్కటే తెల్సు..."

తిట్టు మధ్యలోనే తెగింది. డోలు మెడలో ఉండగానే పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. వైశాఖం నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. పక్కింటివాళ్లు గుమ్మం దాకా వచ్చి చూసి వెనక్కి పోయారు.

ఏడ్చి ఏడ్చి లేచాక డోలు తీసి గోడకు ఆనించింది. కోటు మేకుకు తగిలించింది. పొయ్యి ముట్టించి బియ్యం కడిగింది. ఒక్కదానికే పొయ్యాలని చెయ్యి ఆగింది గానీ, మనసొప్పక ఇద్దరికీ పోసింది. అన్నం వార్చి, గుమ్మం వైపు మొహం పెట్టి కూర్చుంది. ఎవరూ రాలేదు. కంచంలో పెట్టుకుంది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది ఆకలి. పొద్దుటి నుంచి డోలు మోసిన ఆకలి. మెడ నరాల్లోంచి, భుజాల్లోంచి, కడుపు అడుగు నుంచి లేచింది. ఆమె ఎన్నడూ ఎరగని ఆకలి, కానీ ఎదురుగా కూర్చుని పాతికేళ్లు చూసిన ఆకలి. ఇంకింత పెట్టుకుంది. ఇంకింత.

పొద్దున కుక్క ఎప్పటిలా వచ్చి వాకిట్లో నిలబడింది. జంగమ్మ గిన్నె బోర్లించి చూపించింది. దానికి పెట్టడానికి ఒక్క మెతుకు కూడా మిగల్లేదు.